కైట్‌బోర్డు ఎంపిక: పొడవు కన్నా ముందు వెడల్పు చూడాలి

కైట్‌బోర్డింగ్ (పెద్ద గాలిపటం లాంటి కైట్ లాగుతుంటే కాళ్ల కింద బోర్డుతో నీటి మీద సాగడం) పాఠాలు ముగించుకుని సొంత బోర్డు కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది పొడవు గురించే. "138 తీసుకోనా, 142 తీసుకోనా?" అంటారు. బోర్డు మీద 138 × 41 అని అచ్చు వేసి ఉంటుంది. మొదటి అంకె పొడవు, రెండోది నడిమి వెడల్పు, రెండూ సెంటీమీటర్లలోనే. నేను ముందు చూసేది రెండో అంకె. 41 సెంటీమీటర్ల వెడల్పున్న బోర్డుకి ఇంకొక్క సెంటీమీటరు కలిపితే నీటికి ఆనే వైశాల్యం దాదాపు రెండున్నర శాతం పెరుగుతుంది. పొడవు వైపు నుంచి అంత రావాలంటే మూడున్నర సెంటీమీటర్లు కలపాలి. ఆ లెక్కన 142 × 41 కన్నా 138 × 43 పెద్ద బోర్డు. పొడవు చూసి చిన్నదనుకుంటాం గానీ, గాలి తక్కువున్న రోజు నీటి మీదికి ముందు లేచేది అదే.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమో తెలియాలంటే నేర్చుకునేవాళ్లకు అసలు ఇబ్బంది ఎక్కడొస్తుందో చూడాలి. పాఠాలు అయ్యేసరికి చాలామంది నీళ్లలోంచి లేచి నిలబడతారు, కుడికీ ఎడమకీ ఓ యాభై అరవై మీటర్లు పోతారు. బయలుదేరిన చోటికి మాత్రం తిరిగి రాలేరు. ప్రతి మలుపులోనూ గాలివాటున కొంత కిందికి జారిపోతారు. పావుగంటలో అరకిలోమీటరు దిగిపోయి, కైట్ ఒక చేత్తో, బోర్డు ఇంకో చేత్తో పట్టుకుని ఇసుకలో వెనక్కి నడుచుకుంటూ రావాలి. గంట సేపు నీళ్లలో ఉందామనుకుంటే అందులో నలభై నిమిషాలు నడకకే పోతుంది. మొదటి బోర్డు పని ఒక్కటే: గాలికి ఎదురు వెళ్లడం తొందరగా పట్టుబడేలా చేయడం. ఎగరడం, తిప్పడం, అలల మీద ఆడటం అన్నీ ఆ తర్వాతే.

గాలికి ఎదురు వెళ్లడంలో బోర్డు చేసే పని ఇదీ. కైట్ మనల్ని గాలివాటున లాగుతుంది. మనం వెనక్కి వాలి, మడమల కింద ఉన్న బోర్డు అంచును నీళ్లలోకి దించుతాం. ఆ అంచు పక్కకు జారనివ్వకుండా ఆపుతుంది. ఆ రెంటి మధ్య ముందుకు వేగం పుడుతుంది, వేగం ఉన్నంతసేపూ అంచు పట్టు నిలుస్తుంది. వేగం తగ్గితే బోర్డు మునుగుతుంది. చిన్న బోర్డు తొందరగా మునుగుతుంది కాబట్టి నేర్చుకునే మనిషి కైట్‌ను కిందికి కొట్టి లాగుడు పెంచుకుంటాడు. లాగుడు పెరిగినకొద్దీ మళ్లీ కిందికే జారతాడు. ఈ చక్రంలో పడ్డవాళ్లు కైట్ సరిగ్గా తిప్పడం రావట్లేదేమో అనుకుని వారాలు గడిపేస్తారు. వాళ్లకు రెండు సెంటీమీటర్ల వెడల్పు ఎక్కువున్న బోర్డు ఇస్తే మార్పు ఆ మధ్యాహ్నమే కనిపిస్తుంది.

ఇక ఎంపికకు వద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక మనిషిని అనుకుందాం: 75 కిలోలు, పాఠాలు పూర్తయ్యాయి, 12 మీటర్లదీ 9 మీటర్లదీ (కైట్ సైజు చెప్పేది చదరపు మీటర్లలో) రెండు కైట్లున్నాయి, ఎక్కువగా దిగేది రామేశ్వరంలో. తెలుగువాళ్లకు దగ్గర్లో నేర్చుకోవడానికి అనువైన చోట్లలో రామేశ్వరం ఉన్న పాంబన్ దీవి ఒకటి. నైరుతి కాలంలో దక్షిణపు గాలి, చలికాలంలో ఈశాన్యపు గాలి వీస్తాయి. దీవికి రెండు వైపులా సముద్రం ఉండటంతో ఏ గాలికైనా ఒక ఒడ్డు కుదురుతుంది. ఇసుక దిబ్బల చాటున నీళ్లు నున్నగా, చాలా చోట్ల నడుము లోతే ఉంటాయి. శ్రీలంకలో కల్పిటియ మడుగు కూడా ఇలాంటిదే, మే నుంచి అక్టోబరు దాకా అక్కడ గాలి గట్టిగా ఉంటుంది. టెక్సస్‌లో ఉన్నవాళ్లకైతే సౌత్ పాడ్రే ఐలాండ్ వెనకున్న లగూనా మాద్రే ఉంది. విశాఖలో ఆర్కే బీచ్ దగ్గర నేర్చుకోవచ్చా అని అడిగేవాళ్లుంటారు. ఒడ్డు మీదే విరిగే ఆ కెరటాల్లో బోర్డు కాళ్లకు తొడుక్కునే వ్యవధి కూడా ఉండదు. కొత్తవాళ్లు అక్కడ దిగొద్దు.

ముందు బరువు. ఒంటి బరువుకు హార్నెస్ (కైట్ లాగుడును ఒంటి మీదికి తీసుకునే నడుము పట్టా), ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బలు తగలకుండా వేసుకునే చొక్కా), తడి బట్టలు కలిపి మూడు నాలుగు కిలోలు వేసుకోవాలి. మన ఉదాహరణలో అది 78, 79 అవుతుంది. ఆ బరువుకు కొంచెం అనుభవం ఉన్న మనిషికి 136 నుంచి 140 పొడవు, 41 లేదా 42 వెడల్పు సరిపోతుంది. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు 140 నుంచి 144, వెడల్పు 42 నుంచి 43. 60 కిలోల లోపువాళ్లకు 132 నుంచి 136, వెడల్పు 39 నుంచి 41 చాలు. 90 దాటితే 145 × 44 దగ్గర మొదలుపెట్టాలి. ఈ అంకెలు గీత గీసినట్టు కచ్చితమైనవి కావు. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, నాలుగు సెంటీమీటర్ల తేడా మాత్రం కాళ్లకు తెలిసిపోతుంది.

తర్వాత గాలి. ఇక్కడ చాలామంది సగటు గాలి చూసి లెక్క కడతారు. నేను చూడమనేది మీరు నీళ్లలోకి దిగే అతి తక్కువ గాలి. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 75 కిలోల మనిషికి 12 మీటర్ల కైట్ 15, 16 నాట్ల దగ్గర హాయిగా లాగుతుంది. 20 దాటితే 9 మీటర్లకు మారాలి. గాలి 13 నాట్ల దగ్గర ఊగిసలాడే రోజు 12 మీటర్ల కైట్ ఒక్కటే చాలదు, బోర్డు సాయం కూడా కావాలి. ఇంకో కైట్ కొనే ఖర్చుతో పోలిస్తే వెడల్పాటి బోర్డు చాలా చవక. అలాగని 160 × 46 లాంటి తలుపంత బోర్డును మొదటి బోర్డుగా కొనడం కూడా పొరపాటే. గాలి 18 నాట్లు దాటగానే దాని అంచు నీళ్లలోకి దిగదు. మడమలతో ఎంత నొక్కినా నీటి మీద చరుచుకుంటూ పోతుంది, కైట్ మనిషిని బోర్డు మీద నుంచి లాగేస్తుంది. తక్కువ గాలికి రెండో బోర్డుగా అది మంచి సరుకే.

అంకెల తర్వాత చూడాల్సినవాటిలో అన్నిటికన్నా ముఖ్యం రాకర్, అంటే పొడవునా ఉండే వంపు. దుకాణంలో దీన్ని చూడటం తేలిక. ఫిన్లు (అడుగున ఉండే చిన్న రెక్కలు) విప్పించి బోర్డును చదునైన నేల మీద పెట్టించండి. నడుము నేలకు ఆనుతుంది, కొసలు పైకి లేచి ఉంటాయి. కొస దగ్గర ఆ ఎత్తు మూడు సెంటీమీటర్ల దగ్గరుంటే చదునైన బోర్డు, ఐదు దగ్గరికొస్తే వంపు ఎక్కువ. చదునైన బోర్డు తక్కువ వేగంలోనే నీటి పైకి లేస్తుంది, గాలికి ఎదురు బాగా వెళ్తుంది. చిన్న చిన్న అలల మీద మాత్రం ముక్కు కొట్టుకుంటుంది, ఎగిరి దిగినప్పుడు మోకాళ్లకు దెబ్బ తెలుస్తుంది. వంపు ఎక్కువున్నది మెత్తగా దిగుతుంది, కానీ నీళ్లను ముందుకు నెట్టుకుంటూ పోతుంది కాబట్టి అంత తొందరగా వేగం అందుకోదు. నున్నటి మడుగులో నేర్చుకునేవాళ్లకు చదును వైపు మొగ్గడం మేలు.

కొసల వెడల్పు కూడా చూడాలి. నడుము రెండింటికీ 42 ఉన్నా, ఒకదాని కొసలు నలుచదరంగా, ఇంకోదాని కొసలు కోసుగా ఉండొచ్చు. నలుచదరపు కొసలు నీళ్లను ఎక్కువ పట్టుకుంటాయి, తక్కువ గాలిలో అవి కలిసొస్తాయి. కోసు కొసలున్న బోర్డు ఎగుడుదిగుడు నీళ్లలో మాట వింటుంది, ముఖాన నీళ్లు తక్కువ కొడుతుంది.

గట్టిదనం దగ్గర డబ్బు వృథా అయ్యేది ఎక్కువ. రెండు కొసలూ ఒకేలా ఉండే ఈ బోర్డుల్లో చాలావాటికి లోపల పాలోనియా చెక్క ఉంటుంది, దాని మీద గాజు పీచు పొరలు, ఖరీదైనవాటికి కార్బన్ పొరలు, చుట్టూ అంచుకు ఏబీఎస్ ప్లాస్టిక్. కార్బన్ బోర్డు తేలిగ్గా ఉంటుంది, బిగువుగా ఉంటుంది, గాల్లోకి ఎగిరేటప్పుడు స్ప్రింగులా తన్నుతుంది. ఆ తన్ను వాడుకోవాలంటే అంచును నొక్కి పట్టి సరైన క్షణంలో వదలడం రావాలి. అది రానివాళ్లకు ఆ బిగువు ప్రతి చిన్న అలనూ మోకాలికి అందించడానికే పనికొస్తుంది. గాజు పీచు బోర్డు కొంచెం వంగుతుంది, నీళ్ల కుదుపును తనలోకి తీసుకుంటుంది. ధరలో కూడా తేడా గట్టిగానే ఉంటుంది. మొదటి రెండేళ్లూ ఆ డబ్బు మంచి హార్నెస్ మీద పెట్టడం నయం.

అడుగున ఉండే గాడులూ లోతట్టు వంపులూ గురించి దుకాణాల్లో చాలా చెబుతారు. అంచు పట్టుకు అవి కొంత సాయం చేసే మాట నిజమే. పైన చెప్పిన నాలుగూ సరిగ్గా కుదిరాక చూసుకోదగ్గవి, అంతే.

ఆడే తీరును బట్టి బోర్డు మారేది ఇక్కడి నుంచే. అటూ ఇటూ హాయిగా పోతూ అప్పుడప్పుడు ఎగిరేవాళ్లకు, అంటే నూటికి ఎనభై మందికి, మధ్యస్థమైన వంపూ మధ్యస్థమైన బిగువూ ఉన్న ఫ్రీరైడ్ బోర్డు చాలు. పది మీటర్ల ఎత్తుకు ఎగరాలనుకునేవాళ్లు గట్టి గాలిలో దిగుతారు కాబట్టి మామూలుగా వాడేదాని కన్నా ఒక సైజు చిన్నది, వేగంలో అంచు వదలనిది చూసుకుంటారు. కైట్‌ను కింద ఉంచి విన్యాసాలు చేసే వేక్‌స్టైల్ వాళ్లు పాదాల పట్టీలకు బదులు బూట్లు బిగిస్తారు. వాటికి తట్టుకునేలా ఆ బోర్డులు బరువుగా, వంపు ఎక్కువగా ఉంటాయి. గాలికి ఎదురు వెళ్లడంలో అవి వెనకబడతాయి, బూట్లు తొడుక్కుని నీళ్లలో లేవడం కొత్తవాళ్లకు నరకం.

అలల మీద ఆడేది వేరే రకం. ముక్కూ తోకా వేర్వేరుగా ఉండే సర్ఫ్‌బోర్డు, పట్టీలు లేకుండా, కింద మూడు ఫిన్లతో. పొడవు అడుగుల్లో చెబుతారు, ఐదు అడుగుల పైచిలుకు. దాని మీద దిశ మార్చినప్పుడల్లా కాళ్లు మార్చుకోవాలి. రెండు వైపులా గాలికి ఎదురు వెళ్లడం పూర్తిగా వచ్చాకే దాని జోలికి పోవాలి.

హైడ్రోఫాయిల్ గురించి ఈమధ్య అడిగేవాళ్లు పెరిగారు. ఒలింపిక్స్‌లో కైట్ పోటీలు మొదటిసారి పెట్టింది 2024 పారిస్ క్రీడల్లో, అవి మార్సేలో జరిగాయి. అందులో వాడినవన్నీ ఫాయిల్ బోర్డులే. ఫాయిల్ అంటే బోర్డు కింద నిలువు స్తంభం, దాని చివర నీళ్లలో రెక్కలు. రెక్క లేపితే బోర్డు మొత్తం నీటి పైకి వస్తుంది, పది నాట్ల గాలి కూడా చాలు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. అయితే స్తంభం 70, 80 సెంటీమీటర్లు ఉంటుంది. నడుము లోతు మడుగులో అది ఇసుకను తాకితే బోర్డు ఆగిపోతుంది, మనిషి మాత్రం ఆగడు. సముద్రపు గడ్డి చుట్టుకున్నా అంతే. లోతైన నీళ్లు, హెల్మెట్, పొట్టి స్తంభం ఉన్నప్పుడే అది నేర్చుకోవాలి.

మన ఉదాహరణకు తిరిగి వస్తే, 75 కిలోల మనిషికి నేను రెండు బోర్డులు పక్కన పెట్టిస్తాను: 142 × 43 చదునుది, 138 × 41.5 మధ్యస్థపు వంపుది. ఇక్కడి నుంచి కాగితం మీద తేలేది ఏమీ లేదు, నీళ్లలోనే తేలాలి. చాలా శిక్షణ కేంద్రాల్లో బోర్డులు అద్దెకిస్తారు. ఒకే రోజు, ఒకే కైట్‌తో, గాలి మారకముందే రెండూ వాడి చూడాలి. ఒడ్డున ఒక గుర్తు పెట్టుకోండి, తాటిచెట్టో లంగరేసిన పడవో ఏదైనా సరే. ఆ గుర్తుకు ఎదురుగా బయలుదేరి అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు వెళ్లి, గుర్తుకు ఎంత పైకి (గాలి వచ్చే వైపు) వచ్చారో లేక ఎంత కిందికి జారారో చూడండి. తర్వాత బోర్డు మార్చి అదే పని మళ్లీ చేయండి. ఏది బాగుందనిపించింది అన్నది పక్కన పెట్టండి. చెట్టు చెప్పేది నమ్మండి.

కాళ్లు చెప్పేది కూడా వినాలి. వెనక కాలి తొడ పది నిమిషాల్లోనే మండుతుంటే బోర్డు ఆ గాలికి పెద్దదన్నా అనుకోవాలి, లేదా కైట్ పెద్దదన్నా అనుకోవాలి. ముందు కైట్ చిన్నది చేసి చూడాలి, అప్పటికీ మండితే బోర్డు. బోర్డు మాటిమాటికీ మునిగి ఆగిపోతుంటే చిన్నది. అంచు నొక్కినప్పుడు పక్కకు జర్రున జారిపోతుంటే ఫిన్లు పొట్టివి కావచ్చు, ఊడిపోయి ఉన్నా ఉండొచ్చు, బోర్డును నిందించే ముందు తిప్పి చూడండి.

పాత బోర్డు కొనడంలో తప్పేమీ లేదు. మొదటి బోర్డు పాతదైతేనే మంచిది, గీతలు పడతాయని భయం ఉండదు. అయితే పట్టీలు, ఫిన్లు విప్పించి చూడకుండా డబ్బివ్వకండి. పట్టీ బిగించే రంధ్రాల చుట్టూ గోటితో గీసి చూస్తే సన్నటి పగులు తగులుతుంది. అక్కడి నుంచి ఉప్పునీరు చెక్కలోకి పోతుంది, చెక్క ఉబ్బి పొరలు విడిపోతాయి. బొటనవేళ్లతో పై పొరను అంగుళం అంగుళం నొక్కుతూ పోవాలి. మెత్తగా లోపలికి పోయిన చోట పొర విడిపోయినట్టే. వేళ్ల కణుపులతో తట్టండి. మంచి చోట ఖంగుమంటుంది, చెడ్డ చోట మొద్దుగా మోగుతుంది. చివరగా కొసను కంటి ఎత్తుకు తెచ్చుకుని పొడవునా చూడండి. ఎండలో కారు మీద రోజుల తరబడి పడి ఉన్నవి మెలితిరిగి ఉంటాయి, ఒక వైపుకే బాగా వెళ్లి రెండో వైపుకు జారతాయి. ప్రతి రంధ్రంలో స్క్రూను చేత్తో తిప్పి చూడాలి. మర అరిగిపోతే బాగుచేయించే ఖర్చుకు ఇంకో పాత బోర్డు వస్తుంది.

సైజు సరిగ్గా ఉండి అమరిక తప్పినా బోర్డు బాగాలేదనిపిస్తుంది. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ, మధ్యస్థ ఎత్తున్నవాళ్లకు 52 నుంచి 56 సెంటీమీటర్లు. పాదాలు రెండూ కొంచెం బయటికి తిరిగి ఉండాలి, సమాంతరంగా బిగిస్తే మోకాళ్లు పీకుతాయి. పట్టీని తడి పాదంతో చూసుకోండి, పొడి పాదానికి పట్టు ఎక్కువ ఉన్నట్టు అనిపించి మోసం చేస్తుంది. పాదం దూర్చినప్పుడు వేళ్ల కొసలు మాత్రం అవతలికి కనబడాలి. చీలమండ దాకా దూరిపోతే పడ్డప్పుడు కాలు బయటికి రాక మెలిక పడుతుంది. మరీ వదులైతే ప్రతి పడటానికీ బోర్డు పోతుంది.

బోర్డు పోతుందని తాడు కట్టుకునేవాళ్లున్నారు. దయచేసి కట్టుకోకండి. పడ్డప్పుడు తాడు సాగి, తిరిగి ముడుచుకుని బోర్డును సూటిగా తల మీదికి తెస్తుంది. కైట్ సాయంతో ఒంటితో ఈదుకుంటూ గాలికి ఎదురెళ్లి బోర్డును అందుకోవడం పాఠాల్లోనే నేర్పుతారు. అది రాకపోతే ఇంకో పూట నేర్చుకోవాలి, తాడు దానికి బదులు కాదు.

ఫిన్లు నాలుగు, ఎత్తు నాలుగు నుంచి ఐదు సెంటీమీటర్లు. కొత్తవాళ్లకు ఐదువి దారి తప్పనివ్వవు. వాటికి వాడేది మామూలుగా 6 మిల్లీమీటర్ల స్క్రూ. 3వ నంబరు స్టార్ స్క్రూడ్రైవరు సరిగ్గా కూర్చుంటుంది, 2వ నంబరుతో తిప్పితే తల అరిగిపోతుంది. చేత్తోనే బిగించాలి, డ్రిల్ మెషీన్ పెడితే రంధ్రంలోని మర చెడుతుంది. స్క్రూ పోతే దుకాణంలో అదే పొడవుది తెచ్చుకోండి. రెండు మిల్లీమీటర్లు పొడవైనా పై పొరను లోపలి నుంచి పొడిచి ఉబ్బిస్తుంది. నీళ్లలోకి దిగేముందు ప్రతిసారీ నాలుగు ఫిన్లనూ వేళ్లతో కదిపి చూడటానికి అర నిమిషం చాలు. తిరిగొచ్చాక మంచినీళ్లతో కడిగి, సీజను అయ్యాక స్క్రూలన్నీ ఒకసారి విప్పి బిగించండి. లేకపోతే ఉప్పు పట్టి మళ్లీ ఊడిరావు.

ఇలా చూసుకుంటూ పోతే పైన చెప్పిన మనిషికి నూటికి తొంభై సార్లు 142 × 43 చదునుదే దక్కుతుంది. 138 ఎప్పుడు కావాలో ఆయనకే తెలుస్తుంది. 12 మీటర్ల కైట్‌తో 18 నాట్లలో గుర్తు చెట్టుకు పైకి ఎప్పుడూ తిరిగి రాగలుగుతుంటే, ఎగరడానికి అంచు నొక్కినప్పుడు బోర్డు లోపలికి దిగకుండా మొండికేస్తుంటే అప్పుడు చిన్నది కొనొచ్చు. చాలామంది ఆ రోజున పాతదాన్ని అమ్మేస్తారు. అమ్మకండి. పొద్దున ఆరుగంటలకు లేచి సముద్రం వైపు చూస్తే అలల మీద తెల్ల నురగ అక్కడక్కడా మాత్రమే కనిపించి, గాలి 13 నాట్ల దగ్గర ఆగిపోయిన రోజున 12 మీటర్ల కైట్‌తో మిమ్మల్ని నీటి మీద నిలబెట్టేది ఆ 43 సెంటీమీటర్ల వెడల్పే.